దసరా నాడు కట్టిన కెర్నల్

కోదాడ బస్టాండు వెనక సందులో, మిర్చిబజ్జీల బండి పక్కనున్న మెట్లెక్కితే మా ఇన్‌స్టిట్యూట్ వస్తుంది. మూడు కంప్యూటర్లు, పదకొండు కుర్చీలు, ఒక ఫ్యాను, నేను. నా పేరు హరిలాల్. మాది నడిగూడెం దగ్గర తండా. బీటెక్ చదివాను. ఎన్నేళ్ళకు పూర్తి చేశానన్నది వేరే సంగతి, ఇక్కడ అనవసరం. లైనక్స్ నేర్పిస్తానని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించుకున్నాను. లైనక్స్ అంటే విండోస్‌కు బదులు కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్. అది నాకు తెలిసినంతగా కోదాడలో ఇంకెవరికీ తెలియదని నేనే అందరికీ చెప్పేవాణ్ణి. కాదనాలంటే లైనక్స్ తెలిసినవాడు ఇంకొకడుండాలి కదా, వాడెవడూ మా సందులోకి రాలేదు.

నా భార్య యమున. మిర్యాలగూడలో ఎంసీఏ చేసింది. మా మూడు కంప్యూటర్లు కూడా మిర్యాలగూడవే. అక్కడో రైసుమిల్లు ఆఫీసు వాళ్ళు వద్దనుకుంటే తెచ్చుకున్నాం. మూత తీస్తే ఇప్పటికీ తవుడు వాసన వస్తుంది. పొద్దున ఏడింటికి యమున వెళ్ళి తాళం తీసి, ఊడ్చి, కంప్యూటర్లు ఆన్ చేసి పెడుతుంది. నేను తీరిగ్గా స్నానం చేసి, టిఫిన్ తిని, బస్టాండులో రెండు చాయ్‌లు తాగి, పదింటికి వెళ్ళి గురువు కుర్చీలో కూర్చుంటాను. ఆరేళ్ళుగా ఇదే ఏర్పాటు. చాలా మంచి ఏర్పాటని నా అభిప్రాయం.

యమునకు ఉద్యోగం చేయాలని కోరిక. సర్వర్లు పాడైతే దూరం నుంచి బాగు చేసే పని, కోదాడలో కూర్చునే చేసుకోవచ్చు. రెండు కంపెనీలు పిలిచాయి, రెండూ అనుభవం లేదని పంపేశాయి. మన ఇన్‌స్టిట్యూట్‌లో పని చేసినట్టు ఒక సర్టిఫికెట్ రాసియ్యమని నన్ను అడిగింది. నేను పగలబడి నవ్వాను.

"ఏం జేసినవని రాయాలె? ఊడ్సినవని రాయాల్నా?" అన్నాను.

సరదాకే అన్నాను లెండి. ఆమె నవ్వలేదు. మళ్ళీ అడగనూ లేదు.

మూడో కంపెనీ హైదరాబాద్‌ది. దసరా మర్నాడు, శుక్రవారం పదకొండింటికి ఇంటర్వ్యూ. ఫోన్‌లో కుదరదు, కెమెరా, హెడ్‌ఫోన్ ఉన్న కంప్యూటర్ ముందే కూర్చోవాలి అని మెయిల్‌లో రాశారు. చదువు పూర్తయి ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళను వాళ్ళు పిలవరట. యమునకు ఆ ఎనిమిదేళ్ళు డిసెంబరుతో నిండుతాయి. అంటే ఇదే ఆఖరిది. బుధవారం నాడు కెమెరా పెట్టి, తన మొహం తాను చూసుకుని, మాట వినిపిస్తుందో లేదో చూసుకుని, అంతా బాగుందని తృప్తి పడింది. అక్కడితో నేను ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

సూర్యాపేటలో తిరుపతి అని నా క్లాస్‌మేట్ ఉన్నాడు. ల్యాప్‌టాప్‌లు బాగు చేసే షాపు వాడిది. పండగ ముందు ఫోన్ చేశాడు.

"నీ సిస్టాలు ఆన్ అయ్యేలోపల నేను మునగాల దాక పోయి దాబాల చాయ్ తాగొస్తరా. కెర్నల్ నువ్వే కంపైల్ చేస్కో, పది సెకండ్లల్ల లేస్తయి. క్లాసులైతే జోరుగ చెప్తవ్ గని, ఎన్నడన్న చేసినవా?"

"చెయ్యకేంది! మస్తు సార్లు చేసిన," అన్నాను.

ఒక్కసారి కూడా చేయలేదు. ఫోన్ పెట్టేశాక కూడా నా మొహం మంట తగ్గలేదు.

కెర్నల్ అంటే లైనక్స్‌లో అన్నిటికన్నా అడుగున ఉండే భాగం. కెమెరా, ప్రింటర్, వైఫై ఏది తగిలించినా, అది ఫలానా అని గుర్తుపట్టి పని చేయించేది అదే. మామూలుగా వచ్చే కెర్నల్‌లో లోకంలో ఉన్న సామాన్లన్నిటికీ ఏర్పాటుంటుంది, అందుకే అది బరువు. మనకు అక్కర్లేనివి తీసేసి, మూల కోడ్ తెచ్చుకుని, మనమే సొంతంగా కంపైల్ చేసి కట్టుకుంటే తేలిక, వేగం. బుధవారం సాయంత్రమే ఆ కోడంతా డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను.

దసరా పొద్దున మా అమ్మ భూలి, తండా నుంచి ఇన్‌స్టిట్యూట్‌కే వచ్చింది, పనిముట్లకు పూజ చేయడానికి. మా ఇంట్లో అమ్మను యాడి అంటాం. యాడి వస్తూ వస్తూ సంచిలో మా నాన్న కొడవలి, నాగలి కర్రు తెచ్చింది. మూలన పీట వేసి, వాటిని పెట్టి, ఇక నా సామాన్ల మీద పడింది. వైరు కనిపించిందల్లా పీకింది. ప్రింటర్, స్కానర్, వెబ్‌కెమెరా, హెడ్‌ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు, వైఫై కోసం పెట్టుకునే చిన్న ముక్క, అన్నీ పీట మీదికి చేరాయి. ప్రింటర్‌ను కడుగుతానంటే నేనూ యమునా చెరో వైపు పట్టుకుని ఆపాం. కంప్యూటర్ డబ్బాలు మాత్రం కదిలించొద్దని బతిమాలాను. వాటికి ఉన్నచోటే బొట్లు పెట్టింది. కెమెరా కంటికి అటూ ఇటూ పసుపు రాసింది.

"రేపు పొద్దుగాల దాక ఇవి ముట్టొద్దు బేటా. ఏడాదంత చాకిరి చేస్తయి, ఒక్కనాడన్న కూసోవాలె," అంది యాడి.

"ఇను. రేపు నా ఇంటర్వ్యూ ఉంది. ఇయ్యాల దేన్ని కెలకకు," అంది యమున.

"నేనేం కెలుకుత? గీడ కూసోని దీపం సూసుకుంట."

వాళ్ళిద్దరూ జమ్మి పూజకు తండాకు వెళ్ళిపోయారు. షట్టర్ సగం దించాను. దీపం చూశాను. ఒక అయిదు నిమిషాలు చూశాను. పెట్టిన సామాన్లను ముట్టొద్దంది కాని, డబ్బాలను ముట్టొద్దనలేదు కదా అనిపించింది. నాలాంటివాడికి ఇలాంటి తర్కం దొరకడం పెద్ద ప్రమాదం.

కెర్నల్ కట్టేముందు ఏది ఉంచాలో ఏది తీసేయాలో వేల ప్రశ్నలు అడుగుతుంది. అంత ఓపిక ఎవడికుంది? దానికొక సులువైన ఆదేశముంది. ఈ నిమిషాన కంప్యూటర్‌కు ఏమేం తగిలించి ఉన్నాయో అదే చూసుకుని, వాటికి కావలసిన డ్రైవర్లు ఉంచి, మిగతావన్నీ కొట్టేస్తుంది. నేను ఆ ఆదేశం ఇచ్చాను. అప్పటికీ అది కొన్ని ప్రశ్నలు అడిగింది. అన్నిటికీ ఎంటర్ కొట్టాను. చదవకుండా ఎంటర్ కొట్టడంలో నాకు పదేళ్ళ అనుభవం.

ఏం జరిగిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు కాలేదు.

యాభై నిమిషాలు తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. ఫ్యాను రొద, తవుడు వాసన, అగరొత్తుల పొగ. చేతులు కట్టుకుని నిలబడి చూశాను. అయిపోయింది. ఆపి, మళ్ళీ ఆన్ చేశాను. నిమిషం నలభై సెకండ్లు పట్టే కంప్యూటర్ పదకొండు సెకండ్లలో లేచింది! ఆ గదిలో ఒక్కణ్ణే కేక పెట్టాను. వీడియో తీసి తిరుపతికి పంపాను. ఒక్కదానితో ఆగుతానా? ఆ కంప్యూటర్ హార్డ్‌డిస్కే విప్పి మార్చి మార్చి తగిలించి, మిగతా రెండింటికీ అదే కెర్నల్ ఎక్కించాను. మూడూ ఒకే రకం డబ్బాలు, మూడూ పదకొండు సెకండ్లలో లేచాయి.

తరవాత చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. కొత్త కెర్నల్ పెట్టినా పాతదాన్ని తీసేయకూడదు, ఏదైనా తేడా వస్తే దాంతో లేపుకోవచ్చు అని ప్రతి బ్యాచ్‌కూ నేనే చెప్తాను. ఆ మాట విద్యార్థులకు, గురువుకు కాదు అనుకున్నాను. మూడింట్లో పాత కెర్నల్ తీసేశాను. కట్టడానికి తెచ్చిన మూల కోడ్ కూడా చోటు తింటోందని తీసేశాను. శుభ్రంగా చేతులు కడుక్కుని తండాకు వెళ్ళి, జమ్మి ఆకు పెట్టి, కనిపించిన పెద్దలందరి కాళ్ళకూ మొక్కాను. యమున "ఏం కెలకలే గద?" అని అడిగితే "ఛ ఛ" అన్నాను.

శుక్రవారం తొమ్మిది నలభై. యాడి దీపం ముందు కొబ్బరికాయ కొట్టి, పీట కదిపి, సామాన్లు తీసుకోమంది. యమున ఇంకా ఇంట్లో తయారవుతోంది. నేను కెమెరా తగిలించాను. తెర మీద ఏమీ రాలేదు. తీసి మళ్ళీ పెట్టాను. పసుపు అంటిందేమోనని చొక్కాతో తుడిచి పెట్టాను. ఊదాను. ఊహూఁ. రెండో కంప్యూటర్‌కు పెట్టాను, మూడోదానికి పెట్టాను. హెడ్‌ఫోన్ పెట్టాను, వైఫై ముక్క పెట్టాను, ఫోన్‌తో నెట్ ఇద్దామని వైరు పెట్టాను, పెన్‌డ్రైవ్ పెట్టాను. ఏం పెట్టినా ఆ డబ్బాలు నన్నెప్పుడూ ఎరగనట్టు చూస్తున్నాయి.

అప్పుడు నా కళ్ళు మూలనున్న పీట మీద పడ్డాయి. కెర్నల్ కట్టిన గంటలో నా సామానంతా అక్కడ పసుపు పూసుకుని కూర్చుంది. తగిలించి లేనిదాన్నల్లా కొట్టేయమన్నాను. కొట్టేసింది. పాపం, అది చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

అప్పుడే యమున వచ్చింది. ముదురాకుపచ్చ చీర, జడ, చేతిలో కాగితాలు.

"కెమెరా పెట్టినవా?"

"ఆఁ, డ్రైవర్ లోడ్ అయితంది. నువ్వు పో, చదువుకో," అన్నాను.

ఆమె ప్లైవుడ్ గోడ అవతలకు వెళ్ళి కూర్చుని కాగితాలు తిరగేసింది. నేను మెట్ల మీదికి పోయి తిరుపతికి ఫోన్ చేశాను. మొదట వాడు నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. తరవాత, "మా యమున చెల్లె ఇంటర్వ్యూ ఇయ్యాలనే గదరా!" అని వాడి గొంతు మారింది. పెన్‌డ్రైవ్‌లోంచే లేచే లైనక్స్ వాడి దగ్గరుందట, కాని సూర్యాపేట నుంచి రావాలంటే గంట పడుతుంది. పది దాటింది. రోడ్డు మీదికి పరుగెత్తాను. దసరా మర్నాడు పన్నెండు లోపల షట్టర్ ఎత్తే ఇంటర్నెట్ సెంటరు కోదాడలో ఒక్కటీ లేదు. మళ్ళీ పైకి వచ్చి, మొదటి కంప్యూటర్‌ను ఆపి, ఆన్ చేశాను. పదకొండు సెకండ్లు. దాన్ని తన్నాలనిపించింది.

"ఏమైందిరా? మొఖం గట్ల పెట్టినవ్?" అంది యాడి.

"ఏం లేదు."

"కెమెరా అయిందా?" గోడ అవతల నుంచి యమున.

"అయితంది."

ఇరవై నిమిషాలు అబద్ధమాడాను. పదిన్నరకు ఇక నోరు ఎండిపోయింది. వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. "యమునా, నేను ఒక పని జేసిన," అన్నాను.

ఆమె తిట్టలేదు. దవాఖానాలో డాక్టర్ అడిగినట్టు అడిగింది.

"ఏ కమాండ్ ఇచ్చినవ్?"

చెప్పాను.

"అప్పుడు కెమెరా యాడుంది?"

"పీట మీద."

"సరే. పాత కెర్నల్ ఉంది గద?"

"తీసేసిన."

"మూడింట్ల?"

"మూడింట్ల."

అప్పుడు మాత్రం ఆమె మొహంలో రంగు పోయింది. కాగితాలు బల్ల మీద పెట్టి, "ఈసారి అది గూడ తీసినవా?" అంది. ఈసారి అన్న మాట నాకా కంగారులో పట్టలేదు.

తరవాత లేచి, చేతిసంచి లోపలి జేబులోంచి ఎర్ర దారం కట్టిన పెన్‌డ్రైవ్ తీసింది.

"గది పనిజెయ్యదు. పెన్‌డ్రైవ్‌ను గుర్తు పడతలేదు, నేను సూసిన," అన్నాను, గురువు కంఠంతోనే.

"నీ కెర్నల్ లేసినంక గుర్తు పట్టది. నేను దాన్ని లేవనియ్య. అంతకన్న ముందే దీంట్ల నుంచి లేపుత," అంది.

కంప్యూటర్ ఆపింది. ఆన్ చేస్తూనే ఏదో మీట టకటకా కొట్టింది. ఆ వేళ్ళు ఆ పని అలవాటుగా చేశాయి. నేను పక్కనే నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఈసారి పదకొండు సెకండ్లు కాదు, రెండున్నర నిమిషాలు పట్టింది. ఆ రెండున్నర నిమిషాల్లో మా అమ్మ కొలిచే దేవతలందరికీ నేను మొక్కాను. తెర వెలిగింది. వైఫై వచ్చింది. కెమెరా పక్కన ఆకుపచ్చ దీపం వెలిగి, యమున మొహం తెర మీద కనిపించింది. టైము పది యాభై రెండు. ఆమె చీర సర్దుకుని, "యాడీ, జర నీళ్ళియ్యి. నువ్వు బయటికి పో," అంది. రెండో మాట నాకు.

బయటికి పోలేదు. ప్లైవుడ్ గోడకు ఇవతల, యాడి పక్కన కుర్చీ వేసుకుని చెవులు రిక్కించి కూర్చున్నాను. ఇంటర్వ్యూ చేసే ఆవిడ పేరు సులోచన. మా హెడ్‌ఫోన్లు స్పీకర్లంత గట్టిగా మోగుతాయి కాబట్టి ఆవిడ మాటలూ గోడ ఇవతలికి వినిపించాయి. ఒక పావుగంట ఇంగ్లీషులో ప్రశ్నలు, యమున తడబడుతూ, తేరుకుంటూ జవాబులు. తరవాత ఆవిడ తెలుగులోకి దిగింది.

"యమున గారూ, అనుభవం అన్నచోట ఖాళీగా వదిలేశారు."

ఊడ్చినట్టు రాయాలా అని నవ్వింది నేనే.

"సర్టిఫికెట్ లేదు మేడమ్. పని ఉంది," అంది యమున.

"ఏం పని?"

"మా దగ్గర మూడు సిస్టమ్స్ ఉన్నయ్ మేడమ్. ఆరేళ్ళల్ల ఇరవై మూడు సార్లు లేవకుండ పడిపోయినయ్. ఇరవై మూడు సార్లు నేనే లేపిన. ఇరవై నాలుగోది ఇందాక పదిన్నరకు. అది సగమే అయింది, పెన్‌డ్రైవ్ మీద మాట్లాడుతున్న."

ఆవిడకు ఉత్సాహం వచ్చింది. ఇవాళ్టిది చెప్పమంది. పూజ, పీట, కొట్టేసిన డ్రైవర్లు, తీసేసిన పాత కెర్నల్, అన్నీ నాలుగు మాటల్లో యమున చెప్పేసింది. నేనైతే దానికి మూడు క్లాసులు తీసుకునేవాణ్ణి. పసుపు దగ్గర ఆవిడ గట్టిగా నవ్వడం మాకూ వినిపించింది.

నేను మాత్రం ఇరవై మూడు దగ్గరే ఆగిపోయాను. నిజమే, సాయంత్రాలు నేనేదో మెరుగుపరచబోవడం, అది కాస్తా పడిపోవడం, విసుగొచ్చి ఇంటికి పోవడం మామూలే. మర్నాడు పదింటికి వచ్చేసరికి మూడూ నిక్షేపంగా ఉండేవి. సిస్టమ్‌కు కొంచెం విశ్రాంతి ఇస్తే దానంతటదే సర్దుకుంటుందని నేనొక సిద్ధాంతం తయారు చేశాను. తయారు చేసి ఊరుకున్నానా, నోట్సులో రాయించాను! ఆరు బ్యాచ్‌ల పిల్లలు అది రాసుకుని, కింద గీత గీసుకుని వెళ్ళారు. పొద్దున ఏడింటి నుంచి పదింటి దాకా ఆ గదిలో ఎవరుంటారని నాకొక్కసారీ తట్టలేదు.

"ఇన్నిసార్లు ఎవరు పాడు చేస్తారండీ?" అంది సులోచన గారు.

నేను కుర్చీని గోడకు ఇంకా దగ్గరికి జరుపుకున్నాను.

"మా సారు మేడమ్."

"మరి ఆయనకు చెప్పలేదా?"

"చెప్తే మానేస్తడు మేడమ్. మానేస్తే నాకు నేర్చుకునుడెట్ల?"

మొదట కోపం వచ్చింది, అబద్ధమెందుకు. తరవాత సిగ్గేసింది. ఆరేళ్ళు ఇన్‌స్టిట్యూట్ నడిపానని చెప్పుకుంటున్నాను. అక్కడ నిజంగా చదువుకున్నది ఒక్క మనిషి. ఆ మనిషికి నేను పాఠం చెప్పలేదు, ప్రశ్నపత్రం తయారు చేశాను. రోజూ ఒకే ఇంట్లో తిని, ఏం చదువుతున్నవ్ అని ఒక్కరోజు అడగలేదు.

"కోడలు ఏమంటుంది?" అంది యాడి నా మోచెయ్యి పొడిచి.

"మంచిగ చెప్తుంది యాడీ. మస్తు మంచిగ చెప్తుంది," అన్నాను.

సోమవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. తీసుకున్నారు. యమున ఫోన్ పెట్టేసి, కుర్చీలో కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు తడిశాయి. తిరుపతి ఫోన్‌లోనే ఈలలు వేశాడు. ఆమె మొహం కడుక్కుని వచ్చి, మూడో కంప్యూటర్‌కు పాత కెర్నల్ ఎక్కిస్తూ కూర్చుంది. మిగతా రెండూ అప్పటికే అయ్యాయి. నేను చేతులు వెనక్కి పెట్టుకుని, దేన్నీ ముట్టకుండా పక్కన నిలబడ్డాను.

"ఆ దినం గోడ ఇవుతలనే ఉన్నవ్ గద. కోపమొచ్చిందా?" అంది తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

"కొంచెం వచ్చింది. పోయింది," అన్నాను. ఎంత ఆపుకుందామన్నా ఆగక అడిగేశాను. "యమునా, నిజం చెప్పు. గన్ని సార్లల్ల ఒక్కటన్న నేను సొంతంగ బాగు చేసిననా?"

ఆమె చేతులు ఆగాయి. నా మొహంలోకి చూసి, నిజంగానే ఆలోచించింది.

"ఒకటుండె," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏది? ఏది?"

"పోయినేడు వానల్ల, రెండో సిస్టం. నువ్వు గంటసేపు కూసున్నవ్ సూడు, గది..." అంటూ నుదురు రుద్దుకుంది. తరవాత చాలా నెమ్మదిగా, నొప్పి తగలకుండా చెప్పాలన్నట్టు చెప్పింది.

"కాదులే. అది కరెంటు పోయొచ్చినంక లేసింది."